మా డ్యాష్‌బోర్డులో రెండు రోజులు, వెండర్ చేతికి ఎనభై మూడు రోజులు

2023 సెప్టెంబరు మధ్యలో ఒకరోజు భోజనం టైములో తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. బాలానగర్‌లో చిన్న మెషిన్ షాపు నడుపుకునే ఆయన. మా కంపెనీకి పంపుల్లో వేసే గన్‌మెటల్ బుష్‌లు, అంటే షాఫ్టు చుట్టూ ఉండే లోహపు తొడుగులు, టర్నింగ్ చేసి ఇస్తారు. వెండర్ పోర్టల్ మీద ట్రైనింగ్ పెట్టినప్పుడు చివరి స్లైడులో నా నంబరు ఇచ్చాను. ఆయన దాన్ని రాసి పెట్టుకున్నారు.

“మేడం, జులై నాలుగు తారీఖున మాల్ దింపినం. పోర్టల్ల చూస్తే బిల్లే కనిపిస్తలేదు. ప్లాంటుకు ఫోన్ చేస్తే అకౌంట్స్‌ను అడుగుమంటరు. అకౌంట్సోళ్లు మాకు బిల్లే రాలేదంటున్నరు. ఇంక ఎవరిని అడగాల్నో తెలుస్తలేదు” అన్నారు. గొంతులో కోపం లేదు. తన డబ్బు తాను అడగడానికి కూడా మొహమాటపడుతున్నారు.

ఆ మొహమాటం నాకు బాగా తెలుసు. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లు లేత్ షాపు నడిపారు. పెద్ద కంపెనీకి డబ్బుల కోసం ఫోన్ చేయాల్సిన రోజు పొద్దుట్నుంచీ ఆయన సరిగ్గా మాట్లాడేవారు కాదు. గట్టిగా అడిగితే తర్వాతి ఆర్డరు పోతుందేమోనని భయం. అడగకపోతే శనివారం సాయంత్రం కుర్రాళ్లకు కూలి ఎక్కణ్ణుంచి తేవాలి? ఆ శనివారాలు చూసి పెరిగాను కాబట్టే ఈ ఫోన్‌ను ‘హెల్ప్‌డెస్క్‌కు మెయిల్ పెట్టండి’ అని ముగించలేకపోయాను.

నేను పంపులు తయారుచేసే ఒక గ్రూపులో ప్రొడక్ట్ మేనేజర్‌ని. మా టీమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్ బయట అమ్మేది కాదు. ఈఆర్పీ, అంటే కంపెనీ లెక్కలూ నిల్వలూ అన్నీ ఉండే పెద్ద సాఫ్ట్‌వేర్, దాని మీద కూర్చుని, కొనుగోలు ఆర్డరు దగ్గర్నుంచి డబ్బు చెల్లించేదాకా జరిగే పనంతా నడిపించే లోపలి అప్లికేషన్. మూడు ప్లాంట్లు, ఒక హెడ్డాఫీసు. యూజర్లంతా మా ఉద్యోగులే, వెండర్లకు ఒక పోర్టల్ అదనం.

ఆ ఫోన్ వచ్చిన రోజు పొద్దున్నే నెలవారీ రివ్యూ జరిగింది. డ్యాష్‌బోర్డు చూపించాను. బిల్లు అప్రూవల్‌కు పట్టే సగటు సమయం 1.8 రోజులు, ఆకుపచ్చ రంగులో. అందరూ బాగుందన్నారు. నేనూ అనుకున్నాను. మధ్యాహ్నానికి ఒక మనిషి ఫోన్ చేసి డెబ్బై రోజులు దాటిందంటున్నాడు. రెండూ నిజమైతే, మధ్యలో రోజులన్నీ ఎక్కడ పోయాయి?

ఆ ఒక్క బిల్లు వెంట పడ్డాను. రెండు రోజులు పట్టింది దాని చరిత్ర దొరకడానికి, ఎందుకంటే అందులో సగం మా సాఫ్ట్‌వేర్‌లో లేదు.

జులై 4న సరుకు గేటు దాటింది. సెక్యూరిటీ రిజిస్టరులో బండి నంబరుతో సహా ఉంది. 5న స్టోర్స్‌లో లెక్కపెట్టారు, 400 బుష్‌లు సరిగ్గా ఉన్నాయి. కానీ కొనుగోలు ఆర్డరులో యూనిట్ కేజీ అని ఉంది. ఒకప్పుడు అవే బుష్‌లకు కాస్టింగ్‌లు (పోత పోసిన ముడి ముక్కలు) బరువు లెక్కన కొనేవారు, ఆ పాత ఆర్డరును కాపీ చేసి కొత్తది తయారుచేశారు. వెండర్ బిల్లు ముక్కల లెక్కన వేశారు. యూనిట్ కలవకపోతే జీఆర్ఎన్, అంటే సరుకు అందినట్టు మేం నమోదు చేసే పత్రం, మా సిస్టమ్‌లో తయారు కాదు. స్టోర్స్ నుంచి పర్చేజ్‌కు మెయిల్ వెళ్లింది. చూసే ఆయన సెలవులో ఉన్నారు. 21న ఆర్డరు సవరించారు. సవరణకు మళ్లీ పర్చేజ్ హెడ్ అప్రూవల్ కావాలి, అది 27న వచ్చింది. 28న జీఆర్ఎన్ అయింది. తర్వాత క్వాలిటీ చెక్. బుష్ లోపలి రంధ్రం కొలిచే గేజ్ కాలిబ్రేషన్‌కు, అంటే దాని కొలత సరిచూడటానికి, వెళ్లింది, అది తిరిగొచ్చి తనిఖీ పూర్తయ్యేసరికి ఆగస్టు 9. బిల్లు, జీఆర్ఎన్ ప్రింటు కలిపి పిన్ను కొట్టి హెడ్డాఫీసుకు వెళ్లే శనివారం సంచిలో వేశారు, 12వ తేదీ. 14న సోమవారం అకౌంట్స్ వాళ్లు సంచి విప్పారు.

జులై 4 నుంచి ఆగస్టు 14 దాకా 41 రోజులు. అందులో మనుషులు నిజంగా పని చేసింది కలిపితే ఒక పూట. లెక్కపెట్టడానికి ఒక గంట, కొలతలకు రెండు మూడు గంటలు, కాగితాలకు పావుగంట. మిగిలిందంతా ఎదురుచూపు.

మా డ్యాష్‌బోర్డులో గడియారం మొదలయ్యేది ఇక్కడ, అకౌంట్స్ వాళ్లు బిల్లు ఎంటర్ చేసిన క్షణం నుంచి. అప్పుడు కూడా ఈ బిల్లు ఎంటర్ కాలేదు. చిరునామాలో ప్లాంటు పాత ప్లాట్ నంబరు ఉందని వెనక్కి పంపారు. వెనక్కి పంపిన బిల్లు సిస్టమ్‌లో ఉండదు, అందుకే ‘మాకు రాలేదు’ అన్న జవాబు. అబద్ధం కాదు, వాళ్ల స్క్రీన్ మీద నిజంగానే లేదు. ఆ కాగితం ప్లాంటు రిసెప్షన్‌లో ‘వెండర్లకు ఇవ్వాల్సినవి’ అని రాసిన ఫోల్డరులో దొరికింది. వెండర్‌కు ఎవరూ చెప్పలేదు, చెప్పడం ఎవరి పనో ఎక్కడా రాసి లేదు.

చిరునామా తప్పుంటే బిల్లు తిప్పి పంపాలని ఎవరు పెట్టారని అడిగితే, అకౌంట్స్‌లో గోడకు అతికించిన చెక్‌లిస్టు చూపించారు. అది జీఎస్టీకి ముందు, వ్యాట్ పన్ను కాలంలో రాసుకున్నది. జీఎస్టీ వచ్చింది 2017 జులై 1న. ఇప్పుడు నియమాల ప్రకారం ఇద్దరి జీఎస్టీ నంబర్లు, సరుకు వివరం, విలువ, పన్ను మొత్తం, వేరే రాష్ట్రం సరఫరా అయితే ఆ వివరం ఉంటే ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవచ్చు, అంటే కొన్నదాని మీద కట్టిన పన్నును మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవచ్చు. ప్లాట్ నంబరు పాతదైనందుకు క్రెడిట్ పోదు. అకౌంట్స్ మేనేజర్‌తో కూర్చుని ఆ నియమం చదివాం. ఆవిడ అప్పటికప్పుడు ఆ కాగితం గోడ మీద నుంచి తీసేశారు. చెల్లింపులు నెలకు రెండుసార్లే, 10న, 25న. సెప్టెంబరు 25న ఆయనకు డబ్బు చేరింది. 83 రోజులు.

ఇంకో సంగతి అప్పుడే అర్థమైంది. బిల్లు మీద 18 శాతం జీఎస్టీ ఉంటే, తన ఇన్‌పుట్ క్రెడిట్ పోగా మిగిలింది ఆ వెండర్ తర్వాతి నెలలోనే ప్రభుత్వానికి కట్టాలి. మేం డబ్బు ఇచ్చామా లేదా అన్నదానితో సంబంధం లేదు. అంటే మా ఆలస్యానికి పెట్టుబడి పెట్టింది ఆయన.

ఒక్క బిల్లు చూసి నిర్ణయం చేయకూడదని ఆ ప్లాంటులోనే ఇంకో నలభై బిల్లులు తీసి అదే పని చేశాను. గేటు నుంచి బ్యాంకు దాకా ప్రతి తేదీ ఒక పెద్ద చార్టు మీద రాశాను. కారణాలు వేరు వేరుగా ఉన్నా ఆకారం ఒకటే: మా సాఫ్ట్‌వేర్‌లోకి రాకముందే రోజులన్నీ అయిపోతున్నాయి.

ఇంత తెలిశాక కూడా నేను మొదట చేసింది తప్పు. నవంబరులో రిమైండర్లు పెట్టించాను. 48 గంటలు దాటిన ప్రతి పనికీ మెయిల్, ఇంకో 24 గంటలు దాటితే పై అధికారికి మెయిల్. నెల రోజుల్లో తయారైంది, అందరూ మెచ్చుకున్నారు. జనవరికి వచ్చేసరికి రెండు విషయాలు కనిపించాయి. అప్రూవర్లు శుక్రవారం సాయంత్రం ఫోన్‌లో ఒకేసారి నలభై, యాభై బిల్లులు ఆమోదించేస్తున్నారు, తెరిచి చూడకుండా. స్టోర్స్ వాళ్లేమో అన్నీ సిద్ధమయ్యేదాకా జీఆర్ఎన్ మొదలే పెట్టడం లేదు, ఎందుకంటే మొదలుపెడితే వాళ్ల పేరు మీద గంటలు లెక్కపడతాయి, పెద్దసారుకు మెయిల్ పోతుంది. ఆలస్యం తగ్గలేదు, మాకు కనిపించని చోటికి జరిగింది. ఫిబ్రవరిలో ఆ రిమైండర్లు నేనే ఆపించాను.

తర్వాత ప్లాంటు స్టోర్స్‌లో కూర్చోవడానికి అనుమతి అడిగాను. పటాన్‌చెరు వైపు ఉన్న ప్లాంటు. రెండు వారాలు రోజూ పొద్దున్నే వెళ్లి, స్టోర్స్ చూసే పెద్దాయన బల్ల పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ముప్పై ఏళ్ల సర్వీసు ఆయనది. మొదటి రెండు రోజులు ఆయన నాతో పెద్దగా మాట్లాడలేదు. రిమైండర్ మెయిళ్లు పంపింది నేనేనని తెలుసు.

మూడోరోజు ఒక లారీ ప్లేట్లు దిగాయి. ఆర్డరు 5,000 కేజీలు, మా కాటా మీద 5,038. వెండర్ బిల్లు 5,030. సిస్టమ్ ఆర్డరుకు మించి ఒక్క కేజీ కూడా తీసుకోదు. ప్లేటును 38 కేజీల మేర కోసి వెనక్కి పంపలేం కదా. ఆయన బిల్లు తీసి క్లిప్పు ఫైల్లో పెట్టి, డ్రాయరులోంచి పొడవాటి నోటుబుక్కు తీసి ఎర్ర పెన్నుతో ఒక లైను రాశారు. నేను అడిగాను, “ఇది సిస్టమ్‌లో పెట్టొచ్చు కదా సార్?”

“ఏడ పెట్టాలమ్మా? చేసినవా, చెయ్యలేదా, రెండే అడుగుతది మీ సిస్టం. ‘ఆగింది, ఇందుకు ఆగింది’ అని చెప్పుకునే జాగ ఏడుంది అందుల?” అన్నారు.

నోటుబుక్కు ఇవ్వమని అడిగాను. ఇచ్చారు. ఏడాదిన్నర నుంచి ఆగిన ప్రతి బిల్లుకూ ఒక లైను ఉంది: తేదీ, పార్టీ పేరు, ఎందుకు ఆగింది, ఎవరికి ఫోన్ చేశారు, ఎప్పుడు కదిలింది. ఆ రాత్రి ఇంటికి తీసుకెళ్లి మొత్తం ఎక్సెల్‌లోకి ఎక్కించాను. కారణాలన్నీ కలిపి ఆరే. యూనిట్ తేడా, బరువు తేడా, ఆర్డరు గడువు దాటడం, టెస్ట్ సర్టిఫికెట్ రాకపోవడం, క్యూసీ (క్వాలిటీ చెక్) దగ్గర ఆగడం, ఆర్డరే లేకుండా ఫోన్ మీద తెప్పించిన సరుకు. మేం మూడేళ్లు రిక్వైర్‌మెంట్ల మీటింగులు పెట్టి సంపాదించలేనిది ఆ నోటుబుక్కులో ఉంది. ఆయన్ను మేం ఎప్పుడూ మీటింగుకు పిలవలేదు. పిలిచింది వాళ్ల మేనేజర్లను.

ఆగిన బిల్లుల సంఖ్య చూసే ఆలస్యం లెక్కగట్టొచ్చని చెప్పే ఒక సూత్రం నాకు అక్కడ బాగా ఉపయోగపడింది. జాన్ లిటిల్ 1961లో నిరూపించినది. సగటున రోజుకు 25 బిల్లులు వచ్చి 25 పూర్తవుతున్న చోట, మధ్యలో ఆగి ఉన్నవి 700 ఉంటే, ఒక్కో బిల్లు సగటున 28 రోజులు లోపలే ఉంటుంది. ఏ టైమ్‌స్టాంపూ అక్కర్లేదు. క్లిప్పు ఫైళ్లు, ట్రేలు, సంచులు తిరిగి లెక్కపెట్టుకుంటే చాలు. నాలాంటి పనిలో ఉన్నవాళ్లు డ్యాష్‌బోర్డు తెరిచే ముందు ఒకసారి ఇలా కాగితాలు లెక్కపెట్టాలని గట్టిగా చెబుతాను.

ఈలోగా 2024 మార్చి వచ్చింది. ఫైనాన్స్ వాళ్లకు ఒక్కసారిగా టెన్షన్ మొదలైంది. ఆదాయపు పన్ను చట్టంలో 2023 ఫైనాన్స్ చట్టం చేర్చిన 43బి(హెచ్) నిబంధన మొదటిసారి ఆ ఏడాది లెక్కలకు వర్తించింది. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోగా డబ్బు ఇవ్వకుండా మార్చి 31 దాటిస్తే, ఆ ఖర్చును ఆ ఏడాది ఆదాయంలోంచి తగ్గించుకోనివ్వరు, చెల్లించిన ఏడాదిలోనే తగ్గించుకోవాలి. గడువు ఎంతన్నది కొత్త విషయం కాదు. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల కోసం చేసిన 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టంలోనే ఉంది: రాతపూర్వక ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజులు, లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా. మా కొనుగోలు ఆర్డరు మీద మాత్రం ‘బిల్లు అందిన 60 రోజులకు’ అని ఏళ్ల తరబడి అచ్చవుతోంది.

ఫైనాన్స్ హెడ్ నన్ను పిలిచి, చిన్న సంస్థల బిల్లుల్లో 45 రోజులు దాటినవి రిపోర్టు కావాలన్నారు. ఏ తేదీ నుంచి లెక్కపెట్టమంటారని అడిగాను. బిల్లు ఎంట్రీ తేదీ నుంచి అన్నారు. అప్పుడు ఇద్దరం చట్టంలో ఆ భాగం మళ్లీ చదివాం. గడువు మొదలయ్యేది సరుకు అంగీకరించిన రోజు నుంచి. అంగీకారం అంటే మామూలుగా సరుకు చేతికి అందిన రోజే. అందిన 15 రోజుల్లోపు లోపం ఉందని రాతపూర్వకంగా చెబితేనే, అది సరిదిద్దిన రోజు నుంచి లెక్క. చెప్పకుండా ఊరుకుంటే సరుకు దిగిన రోజు నుంచే గడువు నడిచినట్టు.

బాలానగర్ ఆయన బిల్లును ఆ లెక్కలో పెట్టి చూపించాను. జులై 4కు 45 రోజులు కలిపితే ఆగస్టు 18. ఆ రోజుకు ఆ బిల్లు మా దగ్గర ఎంటర్ కూడా కాలేదు. ఆర్డరులో యూనిట్ తప్పు రాసింది మేం, గేజ్ లేనిది మాకు. చట్టం ముందు ఆ రోజులన్నీ మావే. ఫైనాన్స్ హెడ్ చాలాసేపు ఆ లెక్క చూసి, “గడియారం గేటు దగ్గర పెడదాం” అన్నారు. నాకు కావాల్సిన మాట అదే.

ఏప్రిల్ నుంచి జులై దాకా పని చేశాం. అన్నింటికన్నా ఎక్కువ కష్టపెట్టింది గేటు.

ఐదు కోట్ల టర్నోవరు దాటిన వాళ్లకు 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్‌వాయిస్, అంటే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసిన బిల్లు, తప్పనిసరి. వాళ్ల బిల్లు మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది, అందులో ఇద్దరి జీఎస్టీ నంబర్లు, బిల్లు నంబరు, తేదీ, విలువ ఉంటాయి. స్కాన్ చేస్తే చాలు. కానీ మేం ఎవరి కోసం ఈ పని మొదలుపెట్టామో ఆ చిన్న షాపులవాళ్ల బిల్లుల మీద ఆ కోడ్ ఉండదు. వాళ్ల బిల్లులు గార్డు టైప్ చేయాలి. మా డిజైనర్ పదకొండు బాక్సులతో స్క్రీన్ తయారుచేసింది, నేనే సరేనన్నాను. వర్షం పడుతున్న ఒక సాయంత్రం గేటు దగ్గర దాన్ని ప్రయత్నించాం. రేకుల గది, సిగ్నల్ ఒక గీత. శ్రీకాకుళం నుంచి వచ్చి పనిచేస్తున్న గార్డు తడిసిన వేళ్లతో టైప్ చేస్తుంటే వెనక మూడు బళ్లు ఆగాయి. “మేడం, నేను ఇది నింపేలోపు అటు బండి లోపలికెళ్లిపోద్దండి. బళ్లు చూడాలా, ఇది చూడాలా?” అని అడిగారు. ఆయన ఉద్యోగం బళ్లు చూడటం. మర్నాడు పదకొండింట్లో మూడు ఉంచాం: ఆర్డరు నంబరు, బిల్లు నంబరు, బిల్లు ఫోటో. సిగ్నల్ లేకపోతే ఫోన్‌లో దాచుకుని వచ్చినప్పుడు పంపేలా చేశాం. మిగతా వివరాలు ఫోటో చూసి అకౌంట్స్ వాళ్లు నింపుతారు, తీరిగ్గా, ఫ్యాను కింద. శనివారం సంచి కూడా దాంతోనే పోయింది, కాగితం రాకముందే బిల్లు హెడ్డాఫీసుకు కనిపిస్తోంది కాబట్టి.

స్టోర్స్ స్క్రీన్‌లో ‘ఆగింది’ అనే స్థితి పెట్టాం. కింద ఆరు కారణాలు, పెద్దాయన నోటుబుక్కులో ఉన్న మాటలతోనే. కారణం ఎంచుకోగానే పని ఆయన పేరు మీద నుంచి దాన్ని తేల్చాల్సినవాళ్ల పేరు మీదకు వెళుతుంది. వెండర్‌కు ఒక ఎస్ఎంఎస్ వెళుతుంది, తెలుగులో: ‘మీ బిల్లు అందింది. ఫలానా కారణంగా ఆగింది. చూస్తున్నవారు ఫలానా విభాగం.’ దీనికి టెలికాం నిబంధనల ప్రకారం ప్రతి మెసేజ్ నమూనా డీఎల్‌టీ అనే టెలికాం కంపెనీల రిజిస్ట్రేషన్ వ్యవస్థలో ముందే రిజిస్టర్ చేయించాలి. ఒకటి రెండుసార్లు తిరస్కరించారు, పదాలు మార్చి మళ్లీ పెట్టాం. ‘తిరస్కరించి తీసేయడం’ అనే బటన్ పూర్తిగా తొలగించాం. వెనక్కి వెళ్లిన బిల్లు కూడా సిస్టమ్‌లో ఉండాలి, దాని రోజులు నడుస్తూనే ఉండాలి.

బరువు తేడా దగ్గర ఇంటర్నల్ ఆడిట్‌తో పెద్ద వాదన జరిగింది. ఆర్డరుకు మించి కొంత శాతం దాకా అప్రూవల్ లేకుండా తీసుకుందామన్నాను. ఆడిటర్ ఒప్పుకోలేదు. పాతికేళ్లుగా ఇలాంటివాటిని చూసిన మనిషి. నేను రెండు మీటింగులు ఆయన్ను ఒప్పించడానికే ఖర్చుపెట్టాను, వినడానికి కాదు. మూడోసారి ఆయన భయం ఏమిటో అడిగాను. శాతం ఒకటే పెడితే, ముక్కల లెక్కన కొనే ఖరీదైన మోటార్లు, బేరింగుల్లో కూడా అదే దారిలో అదనం వస్తుందన్నారు. ప్లేట్లు, రాడ్ల సంగతి ఆయనకు అభ్యంతరమే కాదు. ఎందుకు ముందే చెప్పలేదని అడగలేకపోయాను, నేను అడగలేదు కాబట్టి. బరువు మీద కొనే వాటికి 2 శాతం, ముక్కల లెక్కన కొనేవాటికి సున్నా అని పది నిమిషాల్లో తేలింది. ఆ 2 శాతం కింద దాటిన ప్రతి బిల్లూ నెలాఖరున ఆయనకు జాబితాగా వెళుతుంది, అది ఆయన అడిగింది.

ఒక్కో బిల్లు ఆమోదానికి సంతకాలు ఐదు ఉండేవి. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి అడిగాను: మీ ముందువాళ్లు చూడనిది మీరు ఇందులో ఏం చూస్తారు? గత ఏడాదిలో ఎన్ని ఆపారు? ప్లాంట్ హెడ్ నిజాయతీగా చెప్పారు, ఒక్కటి కూడా ఆపలేదని. అయినా తన సంతకం తీసేయడానికి ఒప్పుకోలేదు. నాకు మొదట అది అధికారం పట్టింపు అనిపించింది. ఇంకాసేపు మాట్లాడితే తెలిసింది, ప్లాంటులో డబ్బు ఎక్కడికి పోతోందో ఆయనకు తెలిసే దారి ఆ బిల్లులు మాత్రమే. ఫైనాన్స్ నుంచి రిపోర్టు నెలన్నర తర్వాత వస్తుంది. ప్రతి సోమవారం పొద్దున ఒక పేజీ పంపడం మొదలుపెట్టాం: గత వారం ఏం వచ్చింది, ఎంత, ఎవరి దగ్గర్నుంచి, ఏది మామూలుకన్నా ఎక్కువ. నాలుగు సోమవారాలు చూశాక, సంతకం తీసేయమని ఆయనే మెయిల్ పెట్టారు. ఐదు సంతకాలు రెండయ్యాయి.

2024 ఆగస్టులో ఒక్క ప్లాంటులో మొదలుపెట్టాం. సెప్టెంబరు రివ్యూకు అదే డ్యాష్‌బోర్డు తెరిచాను. 1.8 ఉన్న చోట 38 వచ్చింది. ఎరుపు రంగు. గడియారం గేటు దగ్గర పెట్టాం కాబట్టి నిజం మొదటిసారి స్క్రీన్ మీదకు వచ్చింది. కానీ గదిలో చాలామందికి అది ముందే చెప్పినా, అంకె కళ్లముందు కనిపించేసరికి వేరుగా ఉంది. “నాలుగు నెలల పని, ఇదా ఫలితం?” అని ఒక డైరెక్టరు అడిగారు. నా అరచేతులు చెమట పట్టాయి. నలభై బిల్లుల చార్టు మళ్లీ గోడకు పెట్టి, పాత 1.8 అదే పని తాలూకు చివరి రెండు రోజులు మాత్రమేనని, వెండర్లకు రోజులు పెరగలేదని, మనకు ఇప్పుడు కనిపిస్తున్నాయని చెప్పాను. ఫైనాన్స్ హెడ్ మధ్యలో అందుకుని, మార్చిలో పన్ను లెక్కల్లో ఎంత ఖర్చును తగ్గించుకోలేకపోయామో చెప్పారు. ఆ తర్వాత ఎవరూ పాత అంకె అడగలేదు.

డిసెంబరుకు ఆ ప్లాంటులో సగటు 24 రోజులకు వచ్చింది. ఎక్కువ తగ్గింది బరువు తేడా, యూనిట్ తేడాల దగ్గర. యూనిట్ సమస్యకైతే పెద్ద ఫీచరేమీ చేయలేదు. పాత ఆర్డరు కాపీ చేసేటప్పుడు యూనిట్ ఖాళీగా వచ్చేలా చేశాం, మనిషి కొత్తగా ఎంచుకోవాలి. క్యూసీ దగ్గర ఆలస్యం మాత్రం అంతగా తగ్గలేదు. అది సాఫ్ట్‌వేర్ సమస్య కాదు, రెండో గేజ్ కొనాల్సిన సమస్య. కానీ ‘ఆగింది, గేజ్ లేదు’ అని మూడు నెలల్లో ఎన్నిసార్లు నమోదైందో చూపించగానే కొన్నారు. చెల్లింపులు నెలకు రెండు నుంచి వారానికి ఒకటయ్యాయి. ఆర్డరు మీద 60 రోజులు పోయి 45 వచ్చింది.

మిగతా రెండు ప్లాంట్లలోకి 2025లో తీసుకెళ్లాం. ఆంధ్రలో ఉన్న ప్లాంటులో ఇదే స్క్రీన్ పెడితే సరిపోలేదు, అక్కడ సరుకు గేటు దగ్గర కాకుండా బయటి కాటా దగ్గర నమోదవుతుంది. మళ్లీ రెండు వారాలు అక్కడ స్టూలు వేసుకుని కూర్చున్నాను.

బాలానగర్ ఆయన మళ్లీ ఒకసారి ఫోన్ చేశారు, వేరే పని మీద. వాళ్ల అబ్బాయి ఇంజనీరింగ్ అయిపోయిందట, సలహా అడిగారు. చివర్లో నేనే ఆగలేక అడిగాను, బిల్లులు ఎలా వస్తున్నాయని. “మెసేజ్ వస్తున్నది మేడం. ఆగినా ఎందుకాగిందో తెలుస్తున్నది. పోరగాళ్లకు ఏ వారం ఇస్తనో చెప్పగలుగుతున్న” అన్నారు. ఆ సాయంత్రం ఆ మాట నాన్నకు ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఆగి, “మా రోజుల్లో ఆ ఒక్క మెసేజ్ వచ్చుంటేనా…” అన్నారు.

మొన్న జనవరిలో పటాన్‌చెరు ప్లాంటుకు వెళ్లినప్పుడు స్టోర్స్ పెద్దాయన డ్రాయరు తెరిచారు. నోటుబుక్కు ఇంకా ఉంది. నా ముఖం చూసి నవ్వి, “మొత్తం బంద్ కాలేదమ్మా, ఇది చూడు” అని కొత్త పేజీలు తిప్పారు. జాబ్ వర్క్. మెషినింగ్‌కు, కోటింగ్‌కు బయటికి పంపిన మా సరుకు, చలాన్ల మీద వెళ్లి ముక్కలు ముక్కలుగా తిరిగొచ్చేది. ఏ చలాన్‌లో ఎన్ని పోయాయి, ఎన్ని వచ్చాయి, ఎన్ని స్క్రాప్ అయ్యాయి, అంతా ఎర్ర పెన్నుతో. జీఎస్టీ చట్టం ప్రకారం అవి ఏడాదిలోపు తిరిగి రావాలి, మా సిస్టమ్‌లో చూస్తే పోయినవి తెలుస్తాయి, వచ్చినవి సగం తెలియవు. స్టూలు లాక్కుని కూర్చున్నాను. మొదటి పేజీ నుంచి చదవమన్నాను.